విదేశం వెళ్తున్నారా? వీసా ఎక్స్‌రే కంటే ముందే టీబీ సంగతి చూసుకోండి

2018 జూలైలో యూకే స్టూడెంట్ వీసా కోసం హైదరాబాద్‌లో ఛాతీ ఎక్స్‌రే తీయించుకున్నాను. బ్యాంకు లోన్ చేతికొచ్చింది, సెప్టెంబర్‌లో క్లాసులు, సూట్‌కేసు కూడా కొనేశాం. డాక్టరమ్మ ఫిల్మును లైటు పెట్టె మీద పెట్టి, కుడి ఊపిరితిత్తి పైభాగంలో దూది పింజలాంటి తెల్లటి మచ్చ చూపించి "దగ్గు ఎన్నాళ్ల నుంచి బాబూ?" అని అడిగింది. రెండు నెలల నుంచి. ఆ రెండు నెలలూ మెడికల్ షాపులో సిరప్పులు, యాంటీబయాటిక్ బిళ్లలు కొనుక్కుని వేసుకుంటూ గడిపాను. కళ్లె పరీక్షలో టీబీ అని తేలింది. ఆ ఏడాది అడ్మిషన్ పోయింది, ఆరు నెలలు మందులు వాడి, మరుసటి ఏడాది వెళ్లాను.

ఇప్పుడు లెస్టర్‌లో ఉంటున్నాను. ఇక్కడికి వచ్చే తెలుగు పిల్లలూ, గల్ఫ్‌లో ఉన్న మా ఊరి వాళ్లూ, అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లూ టీబీ గురించి ఫోన్ చేసి అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే రకం. వాళ్లందరికీ చెప్పేదే ఇక్కడ వరసగా రాస్తున్నాను. నేను డాక్టరును కాను. మందుల నిర్ణయం డాక్టరుదే. ఏ పని ఎప్పుడు చేయాలి, ఏ కాగితం దాచుకోవాలి, ఏ మాట దాచకూడదు అన్నది మాత్రం నేను చెప్పగలను.

ముందుగా ఒక తేడా తెలుసుకోండి

టీబీ క్రిమి ఒంట్లో ఉండటం వేరు, టీబీ జబ్బు ఉండటం వేరు. క్రిమి గాలి ద్వారా వస్తుంది. ఊపిరితిత్తుల టీబీ ఉన్నవాళ్లు దగ్గినప్పుడు, గట్టిగా మాట్లాడినప్పుడు గాలిలో చేరుతుంది. కంచం, గ్లాసు, బట్టలు, కరచాలనం వల్ల రాదు. ప్రపంచ జనాభాలో దాదాపు నాలుగో వంతు మందికి ఈ క్రిమి సోకి ఉంటుందని అంచనా. మన దేశంలో బస్సుల్లో, హాస్టళ్లలో, సినిమా హాళ్లలో పెరిగిన మనలో చాలామంది ఒంట్లో అది నిద్రపోతూ ఉంటుంది. అలా ఉన్నప్పుడు దగ్గు ఉండదు, జ్వరం ఉండదు, ఇంకొకరికి అంటదు. అలాంటి వాళ్లలో నూటికి అయిదు నుంచి పది మందికి జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు అది మేల్కొని జబ్బుగా మారుతుంది. సోకిన మొదటి రెండేళ్లలో ఆ ప్రమాదం ఎక్కువ. షుగర్ ఉన్నవాళ్లకు, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు, పొగ తాగేవాళ్లకు, కీళ్లవాతానికో పేగు జబ్బుకో రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్లకు ఇంకా ఎక్కువ.

ఇంగ్లండ్‌లో టీబీ వచ్చినవాళ్లలో అయిదింట నాలుగు వంతుల మంది వేరే దేశాల్లో పుట్టినవాళ్లే. వాళ్లలో కొన్నేళ్లుగా మన దేశంలో పుట్టినవాళ్ల సంఖ్యే ఎక్కువ. అమెరికాలో కూడా నాలుగింట మూడు వంతుల మంది బయట పుట్టినవాళ్లే. ఈ లెక్క చూసి వలసవాళ్లు జబ్బు మోసుకొచ్చి ఊళ్లో పంచుతున్నారని కొందరు అంటారు. అది నిజం కాదు. ఎక్కువ భాగం ఎప్పుడో సొంత ఊళ్లో సోకిన క్రిమి కొత్త దేశంలో మేల్కోవడమే. ఇరుకు గదులు, నిద్రలేని డ్యూటీలు, సరిగ్గా తినకపోవడం, డాక్టర్ దగ్గరికి వెళ్తే ఉద్యోగం పోతుందేమోనన్న టెన్షన్ దానికి తోడవుతాయి. బాధపడేది ముందు ఆ మనిషి, ఆ తర్వాత ఆ గదిలో పడుకునే మిగతా నలుగురు. పక్క వీధి వాళ్ల దాకా పోవడం అరుదు.

మొదటి పని: వీసా పరీక్షకు మూడు నాలుగు నెలల ముందే మీరే చూపించుకోండి

నేను చేయని పని ఇదే. చేసి ఉంటే ఆ ఏడాది పోయేది కాదు.

రెండు వారాలకు మించి దగ్గు, సాయంత్రం పూట సన్నగా జ్వరం, రాత్రిపూట చెమటలు, కారణం లేకుండా బరువు తగ్గడం, కళ్లెలో రక్తపు చారలు. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆలస్యం చేయొద్దు. ఇవేవీ లేకపోయినా ఇంట్లో ఎవరికైనా గత రెండు మూడేళ్లలో టీబీ వచ్చి ఉంటే, లేదా మీకే చిన్నప్పుడు వచ్చి ఉంటే, వీసా స్లాట్ బుక్ చేసుకోకముందే ఒక ఛాతీ ఎక్స్‌రే తీయించుకోండి.

దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రిలోనో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో టీబీ పరీక్షలు ఉచితం. సీబీనాట్, ట్రూనాట్ అనే యంత్రాలు ఇప్పుడు జిల్లాల్లో ఉన్నాయి. క్రిమి ఉందా లేదా అన్నదే కాకుండా, అది రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందుకు లొంగుతుందా లేదా అన్నది కూడా రెండు గంటల్లోనే చెప్తాయి.

ఈలోగా మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్స్ వేసుకోవద్దు. ముఖ్యంగా లెవోఫ్లాక్సాసిన్ లాంటివి. అవి టీబీ క్రిమి మీద కొంచెం పని చేస్తాయి. కొన్నాళ్లు దగ్గు తగ్గినట్టు అనిపిస్తుంది, పరీక్షలో క్రిమి దొరకదు, లోపల జబ్బు మాత్రం పెరుగుతూ ఉంటుంది. పైగా క్రిమి ఆ మందుకు అలవాటుపడిపోయే ప్రమాదం ఉంది. నా రెండు నెలలు ఇలాగే పోయాయి.

కళ్లె ఇవ్వడం కూడా నేర్చుకోవలసిన పనే. చాలామంది డబ్బాలో ఉమ్మి ఇచ్చి వస్తారు, పరీక్షలో ఏమీ దొరకదు, బతికిపోయాం అనుకుంటారు. పొద్దున లేవగానే, ఏమీ తినకముందు, నోరు మంచినీళ్లతో పుక్కిలించండి. డాబా మీదికో పెరట్లోకో వెళ్లండి, మూసిన గదిలో, ఇంట్లో వాళ్ల మధ్య చేయొద్దు. గుండె నిండా గాలి పీల్చి రెండు క్షణాలు ఆపి వదలండి. అలా రెండు మూడు సార్లు చేశాక పొట్ట లోపలి నుంచి దగ్గండి. గొంతులోంచి వచ్చే పలచటి నీళ్లు కాదు, ఛాతీలోంచి వచ్చే చిక్కటి, పచ్చగానో తెల్లగానో ఉండే కళ్లె కావాలి. ఒక చిన్న చెంచా నిండితే చాలు. మూత బిగించి, మీ పేరు సరిగ్గా రాశారో లేదో చూసి, ఆలస్యం చేయకుండా ల్యాబులో ఇవ్వండి. నేను మొదటిరోజు ఇచ్చింది ఉమ్మే. ల్యాబ్ అక్క డబ్బాను వెలుతురుకు ఎత్తి చూసి తిప్పి పంపి, ఇదంతా చేసి చూపించింది.

రెండో పని: మీరు వెళ్లే దేశం ఏం అడుగుతుందో తెలుసుకోండి

నిబంధనలు మారుతుంటాయి కాబట్టి చివరిమాట ఆ దేశపు ప్రభుత్వ వెబ్‌సైటుదే. మూల పద్ధతులు మాత్రం ఇవీ.

యూకేకు ఆరు నెలలకు మించి ఉండటానికి వెళ్లేవాళ్లు, మన దేశంలో నివసిస్తున్నవాళ్లయితే, వీసాకు ముందే టీబీ సర్టిఫికెట్ తీసుకోవాలి. ఏ క్లినిక్ పడితే అది కాదు, బ్రిటన్ ప్రభుత్వం ఒప్పుకున్న వాటిలోనే. ఆ జాబితా వాళ్ల సైటులో ఉంటుంది, హైదరాబాద్‌లో ఉన్నాయి. ఒకప్పుడు హీత్రూ, గాట్విక్ ఎయిర్‌పోర్టుల్లో దిగాక ఎక్స్‌రే తీసేవాళ్లు. దానివల్ల పెద్ద ఉపయోగం లేదని తేలి, 2012 నుంచి బయలుదేరే దేశంలోనే పరీక్ష చేసే పద్ధతికి మారారు. సర్టిఫికెట్ ఆరు నెలలు చెల్లుతుంది. పదకొండేళ్ల లోపు పిల్లలకు మామూలుగా ఎక్స్‌రే తీయరు, డాక్టరు ప్రశ్నలు అడిగి చూస్తారు. గర్భిణులు ఆ మాట ముందే చెప్పాలి, ఎక్స్‌రేకు బదులు కళ్లె పరీక్ష అడగవచ్చు.

అమెరికాకు చదువుకోవడానికో హెచ్-1బీ మీదో వెళ్లేవాళ్లకు వీసా కోసం మామూలుగా టీబీ పరీక్ష ఉండదు. కానీ చాలా యూనివర్సిటీలు చేరగానే అడుగుతాయి. గ్రీన్ కార్డు మీద వెళ్లే తల్లిదండ్రులకు మాత్రం ఇండియాలోనే, ఎంబసీ గుర్తించిన ప్యానెల్ డాక్టర్ దగ్గర పరీక్ష ఉంటుంది. పదిహేనేళ్లు దాటిన వాళ్లకు ఛాతీ ఎక్స్‌రే, రెండేళ్లు దాటిన అందరికీ ఇగ్రా అనే రక్తపరీక్ష. ఇగ్రా పాజిటివ్ వచ్చిందని ఇంట్లో ఏడుపులు పెట్టుకున్న కుటుంబాలు నాకు తెలుసు. ఎక్స్‌రే బాగుండి, ఒంట్లో ఏ లక్షణమూ లేకపోతే, అది నిద్రపోతున్న క్రిమి మాత్రమే. ఆ సంగతి కాగితం మీద రాస్తారు తప్ప వీసా ఆపరు. ఎక్స్‌రేలో మచ్చో, ఒంట్లో లక్షణాలో ఉంటే మూడు రోజులు కళ్లె తీసుకుని, క్రిమిని ల్యాబులో పెంచి చూసే కల్చర్ పరీక్షకు పెడతారు. ఆ క్రిమి చాలా నిదానంగా పెరుగుతుంది కాబట్టి ఫలితానికి రెండు నెలలు పడుతుంది. విమాన టికెట్లు ఆ తర్వాతే కొనండి.

కెనడా, ఆస్ట్రేలియాలకు కూడా ప్యానెల్ డాక్టర్ల పద్ధతే. పాత మచ్చ ఉండి ఇప్పుడు జబ్బు లేదని తేలినవాళ్లకు వీసా ఇస్తూనే, అక్కడ దిగాక ఆరోగ్యశాఖకు కనబడాలని షరతు పెడతారు. ఆ కాగితం పోగొట్టుకోవద్దు. కెనడాలో మామూలుగా ముప్పై రోజుల్లోగా వాళ్లకు చెప్పాలి.

గల్ఫ్ సంగతి వేరు. ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచీ, గోదావరి జిల్లాల నుంచీ, రాయచోటి వైపు నుంచీ వెళ్లే మనవాళ్లు ఎక్కువగా నలిగిపోయేది ఇక్కడే. గల్ఫ్ వీసాల కోసం చేసే వైద్య పరీక్షల వ్యవస్థను ఒకప్పుడు గామ్కా అనేవాళ్లు, ఇప్పుడు వాఫిద్ అంటున్నారు. ఆన్‌లైన్‌లో స్లాట్ తీసుకుంటే వాళ్లే ఒక సెంటర్ కేటాయిస్తారు. అక్కడ జబ్బు ఉందా లేదా అన్నదే కాదు, ఎప్పుడో నయమైపోయిన టీబీ వదిలిన మచ్చ కనిపించినా "అన్‌ఫిట్" వేస్తారు. మా మేనమామ కొడుక్కి పదిహేనేళ్ల వయసులో టీబీ వచ్చింది. మండల ఆసుపత్రిలో మందులు పూర్తిగా వాడి నయం చేసుకున్నాడు, ఎద్దులా కష్టపడతాడు. కానీ ఎక్స్‌రేలో ఆ మచ్చ పోలేదు. అప్పటికే అప్పు చేసి ఏజెంటు చేతిలో డబ్బు పెట్టేశాడు. అన్‌ఫిట్ వచ్చాక ఇంకొకడు వచ్చి, ఇంకో ముప్పై వేలిస్తే ఫిట్ చేయిస్తానన్నాడు. అదీ పోయింది.

కాబట్టి గల్ఫ్‌కు వెళ్లాలనుకునేవాళ్లు ఈ వరస మార్చొద్దు: ముందు సొంతంగా ఒక ఎక్స్‌రే, అది ఛాతీ డాక్టరుకు చూపించడం, ఆ తర్వాతే ఏజెంటుతో మాట, ఆ తర్వాతే అప్పు. మచ్చ ఉంటే ఆ దారిలో డబ్బు పెట్టకుండా ఇంకో దారి చూసుకునే వీలు ఉంటుంది. ఫిట్ చేయిస్తామన్నవాడి మాట నమ్మొద్దు. ఒకవేళ ఇండియాలో ఎలాగో దాటినా, అక్కడ దిగాక మళ్లీ ఎక్స్‌రే ఉంటుంది. అక్కడ పట్టుబడితే తిరుగు విమానం, ఆ అప్పు మీద వడ్డీ.

గల్ఫ్‌లో ఇప్పటికే పనిచేస్తున్నవాళ్ల విషయంలో యూఏఈ 2016లో కొంత మెత్తబడింది. వీసా రెన్యువల్‌లో టీబీ బయటపడితే వెంటనే పంపించేయకుండా, అక్కడే మందులు వాడుతూ షరతులతో ఉండే వీలు ఇచ్చింది. ఇది కొత్తగా వెళ్లేవాళ్లకు వర్తించదు, అన్ని గల్ఫ్ దేశాల్లోనూ లేదు. అందుకే పంపించేస్తారేమోనని దగ్గును దాచుకుని క్యాంపులో ఎనిమిది మంది పడుకునే గదిలో పడుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. కానీ ఆ గదిలోని మిగతా ఏడుగురికీ ఇంటి దగ్గర పిల్లలున్నారు.

మూడో పని: పరీక్ష రోజు నిజం చెప్పండి

చిన్నప్పుడు టీబీ వచ్చిందా అని అడిగితే వచ్చిందనే చెప్పండి. ఎక్స్‌రే ఎలాగూ చెప్తుంది. మీరు లేదన్నాక మచ్చ కనిపిస్తే, అది కొత్త జబ్బు అయి ఉండవచ్చన్న అనుమానంతో మొదటి నుంచీ పరీక్షలు మొదలుపెడతారు. ముందే చెప్పి, పాత ఫిల్ములు, మందులు పూర్తిచేసిన కాగితం చూపిస్తే డాక్టరు రెండు ఎక్స్‌రేలనూ పక్కపక్కన పెట్టి మచ్చ మారిందా లేదా చూడగలరు. ఆ పోలిక మీకు చాలాసార్లు మేలు చేస్తుంది.

అందుకే పాత ఎక్స్‌రే ఫిల్ములు పారేయకండి. చాలా ఇళ్లల్లో వాటిని గ్రహణం చూడటానికి, కిటికీలకు అంటించడానికి వాడేస్తారు. గ్రహణం వాటిలోంచి చూడటం కంటికి కూడా మంచిది కాదు. మడతపెట్టకుండా, పెద్ద ప్లాస్టిక్ కవరులో, బీరువాలో బట్టల కింద పరిచి పెట్టండి. ఫోనులో ఫొటో కూడా తీసి పెట్టుకోండి.

నాలుగో పని: టీబీ అని తేలితే

ఆ రోజు ప్రపంచం ఆగిపోయినట్టు ఉంటుంది. నాకైతే ఇంటికొచ్చే బస్సులో దారి పొడవునా నోటికి కర్చీఫ్ అడ్డుపెట్టుకుని, పక్కన కూర్చున్న ముసలాయనకు ఎక్కడ అంటుతుందోనని ఊపిరి బిగబట్టుకున్నాను. ఆ భయం అవసరమే, కానీ చాలా కొద్ది రోజులు. సరైన మందు పడ్డాక మామూలు టీబీ రెండు వారాల్లోపే ఇంకొకరికి అంటడం దాదాపు ఆగిపోతుంది. ఆ రెండు వారాలూ వేరే గదిలో, కిటికీ తెరిచి పడుకోండి. ఇంట్లో పసిపిల్లలుంటే దూరంగా ఉండండి. కంచం వేరుగా పెట్టుకోవాల్సిన పని లేదు.

ప్రభుత్వ టీబీ కార్యక్రమంలో పేరు నమోదు చేయించుకోండి. ప్రైవేటు డాక్టర్ దగ్గర వైద్యం చేయించుకుంటున్నా సరే, 2012 నుంచి ప్రతి టీబీ కేసునూ ప్రభుత్వానికి తెలియజేయడం డాక్టర్ల బాధ్యత. నిక్షయ్ అనే పోర్టల్‌లో మీకు ఒక నంబరు వస్తుంది. ఆ నంబరు మీద దేశంలో ఎక్కడైనా మందులు తీసుకోవచ్చు. పాలమూరు నుంచి ముంబై, పుణె కూలి పనులకు వెళ్లేవాళ్లకు, ఒడిశా నుంచి మన ఇటుక బట్టీలకు వచ్చేవాళ్లకు ఇది ప్రాణాధారం లాంటిది. ఊరు మారినప్పుడు పాత చోట చెప్పి బదిలీ రాయించుకోవడమే పని. అనుమానాలుంటే 1800-11-6666 అనే ఉచిత నంబరుకు ఫోన్ చేయవచ్చు. తిండి కోసం నెలకు ఇచ్చే డబ్బు నా రోజుల్లో 500 రూపాయలు, 2024 నవంబర్ నుంచి 1000 చేశారు. గుడ్లకు, పాలకు, పప్పుకు వాడండి.

మందులు ఆరు నెలలు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిపిన బిళ్లలు, తర్వాతి నాలుగు నెలలు మూడు మందులవి. మీ బరువును బట్టి రోజుకు ఎన్ని అన్నది వాళ్లే చెప్తారు. మొదటి రోజు బాత్రూంలో మూత్రం నారింజ రంగులో వస్తే కంగారు పడకండి. అది రిఫాంపిసిన్ రంగు, కన్నీళ్లకూ వస్తుంది. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుంటే వాటికి ఆ రంగు పడుతుంది. ఆడవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది, గర్భనిరోధక మాత్రలు ఈ మందుతో సరిగ్గా పనిచేయవు, వేరే పద్ధతి గురించి డాక్టర్‌ను అడగండి. కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు కాఫీ రంగు కావడం, ఆగని వాంతులు, చూపు మసకబారడం, రంగులు తేడాగా కనబడటం. వీటిలో ఏది వచ్చినా అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లండి. అరికాళ్లు తిమ్మిరెక్కితే బీ6 విటమిన్ ఇస్తారు. మద్యం ఆ ఆరు నెలలూ ముట్టొద్దు, లివర్ మీద మందుల భారం ఇప్పటికే ఉంది.

అసలు కష్టం రెండో నెల చివర వస్తుంది. దగ్గు పోతుంది, ఆకలి వేస్తుంది, బరువు పెరుగుతుంది. ఇంకెందుకీ బిళ్లలు అనిపిస్తుంది. అక్కడ ఆపినవాళ్లకే మళ్లీ వస్తుంది, అలా వచ్చిన టీబీ మందులకు లొంగనిది కావచ్చు. నేను గోడ మీద క్యాలెండర్‌లో రోజూ బిళ్లలు వేసుకున్నాక మా అమ్మ చేత టిక్కు పెట్టించాను. ఒక్క రోజు మర్చిపోతే ఆమె మర్చిపోదు.

చివర్లో కళ్లె పరీక్ష చేయించి, చికిత్స పూర్తయిందన్న కాగితం, వాడిన మందుల పేర్లు, తేదీలు, మొదటి ఎక్స్‌రే, చివరి ఎక్స్‌రే అన్నీ తీసుకోండి. వీసా క్లినిక్ అడిగేది వీటినే. చికిత్స పూర్తయ్యాక మళ్లీ పరీక్షకు వెళ్లవచ్చు. యూనివర్సిటీకి నిజం రాయండి. నా యూనివర్సిటీకి డాక్టర్ ఉత్తరం జతచేసి పంపాను, సీటు ఏడాదికి వాయిదా వేశారు.

అయిదో పని: దిగిన తర్వాత మొదటి కొన్నేళ్లు

ఎక్స్‌రే పాసయ్యామంటే ఊపిరితిత్తుల్లో ఆ రోజుకు జబ్బు లేదన్నంత వరకే. నిద్రపోయే క్రిమి ఎక్స్‌రేలో కనబడదు. ఇంగ్లండ్‌లో వచ్చిన వెంటనే దగ్గర్లోని జీపీ, అంటే ఫ్యామిలీ డాక్టర్ దగ్గర పేరు రాయించుకోండి. 2015 నుంచి, టీబీ ఎక్కువున్న దేశాల నుంచి గత అయిదేళ్లలో వచ్చిన 16 నుంచి 35 ఏళ్ల వాళ్లకు నిద్రాణ టీబీ పరీక్ష చేసే కార్యక్రమం చాలా ప్రాంతాల్లో ఉంది. ఉత్తరం వస్తే పక్కన పడేయకండి, వెళ్లండి.

అమెరికా యూనివర్సిటీ పరీక్ష అడిగినప్పుడు చర్మం మీద చేసే సూది పరీక్షకు బదులు ఇగ్రా రక్తపరీక్ష కావాలని అడగండి. మనలో దాదాపు అందరికీ చిన్నప్పుడు బీసీజీ టీకా వేశారు, భుజం మీద ఆ మచ్చ ఉంటుంది. ఆ టీకా వల్ల చర్మ పరీక్ష తప్పుగా పాజిటివ్ చూపించవచ్చు. ఇగ్రాకు ఆ ఇబ్బంది లేదు.

ఇగ్రా పాజిటివ్ వచ్చి, ఎక్స్‌రే బాగుంటే, ముందుజాగ్రత్త మందు ఇస్తామంటారు. మన పిల్లలు చాలామంది "నాకేం జబ్బు లేదు కదా" అని వద్దంటారు. నా సలహా, డాక్టర్ ఇస్తానంటే తీసుకోండి. వారానికి ఒకసారి చొప్పున పన్నెండు వారాలు వేసుకునే పద్ధతి ఉంది, రోజూ రిఫాంపిసిన్ నాలుగు నెలలు వేసుకునే పద్ధతి ఉంది. నేను ఆరు నెలలు పడ్డ దానితో పోలిస్తే పన్నెండు వారాలు ఎంత.

ఇంకో సంగతి బాగా గుర్తుపెట్టుకోండి. టీబీ అంటే దగ్గే కాదు. మనవాళ్లలో ఇక్కడ మెడ గ్రంథుల టీబీ చాలా కనబడుతుంది. మెడ పక్కన నొప్పి లేని గడ్డ, వారాల తరబడి తగ్గదు, దగ్గు అసలు ఉండదు. వెన్నులో తగ్గని నొప్పి, పొట్టలో నీరు, కన్ను ఎర్రబడి చూపు తగ్గడం కూడా కావచ్చు. ఇలాంటివి మామూలుగా ఎవరికీ అంటవు, కానీ మందు మాత్రం అవే. ఇక్కడి డాక్టర్లు ఏడాదికి ఒక టీబీ కేసు కూడా చూడకపోవచ్చు. వాళ్లకు ఆ ఆలోచన రావాలంటే మీరే చెప్పాలి: "నేను ఇండియా నుంచి వచ్చాను, మా ఇంట్లో ఒకరికి టీబీ వచ్చింది, ఇది టీబీ అయి ఉంటుందా?" ఈ ఒక్క వాక్యం నెలల ఆలస్యాన్ని తప్పిస్తుంది.

ఆరో పని: అక్కడ ఉండగా టీబీ వస్తే

ముందుగా డబ్బు భయం, వీసా భయం పక్కన పెట్టండి. ఇంగ్లండ్‌లో టీబీ పరీక్ష, వైద్యం అందరికీ ఉచితం, వీసా గడువు అయిపోయినవాళ్లకు కూడా. అమెరికాలో చాలా చోట్ల కౌంటీ ఆరోగ్యశాఖ ఇన్సూరెన్స్ లేకపోయినా మందులు ఇస్తుంది, నర్సు ఎదుటగానీ ఫోను వీడియోలోగానీ రోజూ బిళ్లలు వేసుకునేలా చూస్తుంది. అది మీ మీద నిఘా అనుకోకండి. మా అమ్మ క్యాలెండర్ మీద పెట్టిన టిక్కు లాంటిదే.

నర్సు వచ్చి మీతో ఎవరెవరు ఉంటారు, ఎవరితో గంటల తరబడి ఒకే గదిలో గడిపారు అని అడుగుతుంది. మనవాళ్లు ఇక్కడే తడబడతారు. రూమ్మేట్లు ఏమనుకుంటారో, ఓనరు ఖాళీ చేయమంటాడేమో, ఊళ్లో పెళ్లి సంబంధం చెడుతుందేమో. మీ పేరు వాళ్లకు చెప్పకుండానే పరీక్ష చేయించమని అడగవచ్చు, అలా చేయడం వాళ్లకు అలవాటే. ఒకే ఇంట్లో ఆరుగురుంటే ఆరుగురి పేర్లూ ఇవ్వండి. వాళ్లలో ఒకరికి షుగర్ ఉండవచ్చు, ఇంకొకరి భార్య గర్భంతో ఉండవచ్చు. పేర్లు ఇవ్వడం వాళ్లకు చేసే ద్రోహం కాదు, ముందుగా మందు అందించడం.

అంటువ్యాధి దశలో విమానం ఎక్కొద్దు. ఎనిమిది గంటలు దాటిన ప్రయాణంలో దగ్గర సీట్ల వాళ్లకు సోకే అవకాశం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. ఇంటికెళ్లి అమ్మ చేతి అన్నం తింటూ మందులు వాడాలని ఉంటుంది, ఆ కోరిక నాకు తెలుసు. డాక్టర్ సరేనన్నాకే బయలుదేరండి. మధ్యలో దేశం మారాల్సి వస్తే కనీసం నెలకు సరిపడా మందులు, ఏ మందు ఎన్ని రోజులు వాడారో రాసిన ఉత్తరం వెంట పెట్టుకోండి. అమెరికా నుంచి వచ్చేవాళ్లు క్యూర్ టీబీ అనే కార్యక్రమం గురించి నర్సును అడగండి, ఇండియాలోని డాక్టర్లకు మీ వివరాలు అందించే పని అదే. గల్ఫ్ నుంచి అర్ధంతరంగా తిప్పి పంపినవాళ్లు దిగిన మర్నాడే దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి నిక్షయ్‌లో నమోదు కావాలి. ఇన్ని రోజులు వాడాను అని చెప్పండి, ఎక్కడి నుంచి కొనసాగించాలో వాళ్లు నిర్ణయిస్తారు. నామోషీతో నెల రోజులు ఇంట్లో కూర్చుంటే ఆ నెల మందు లేకుండా పోతుంది.

అమ్మానాన్నలు వస్తున్నప్పుడు

యూకే, అమెరికాలకు విజిటర్ వీసా మీద వచ్చే పెద్దవాళ్లకు మామూలుగా టీబీ పరీక్ష ఏదీ ఉండదు. కానీ షుగర్ ఉన్న అరవై ఏళ్ల మనిషి, ఎప్పుడో సోకిన క్రిమితో, చలి దేశంలో మూసిన ఇంట్లో చంటిబిడ్డను ఒళ్లో పెట్టుకుని ఆరు నెలలు ఉంటారు. పసిపిల్లలకు టీబీ సోకితే మెదడు పొరల దాకా వెళ్లగలదు, అది చాలా ప్రమాదం. కాబట్టి వాళ్లు బయలుదేరే ముందు ఊళ్లో ఒకసారి షుగర్ పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే చేయించండి. ఫోనులో అడిగేటప్పుడు "దగ్గు ఉందా" అని మాత్రమే అడగొద్దు, లేదనే అంటారు. రాత్రుళ్లు దుప్పటి తడుస్తోందా, జాకెట్టు వదులైందా, నడుం దగ్గర పంచె ఇంకో మడత పడుతోందా అని అడగండి. ఎక్స్‌రే బాగుంటే ఆ ఫిల్మును కూడా వాళ్ల పెట్టెలో, చీరల మధ్య మడతపడకుండా పెట్టించి తెప్పించండి. రేపు ఇక్కడ ఏ డాక్టరైనా పాతది ఉందా అని అడిగితే చూపించడానికి ఉంటుంది.